గిరి ప్రదక్షిణ చేస్తాను, పీట మీద మాత్రం కూర్చోలేను

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. నా వయసు 52. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఆరేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నాను. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో 5 కిలోమీటర్లు నడుస్తాను. సింహాచలం గిరి ప్రదక్షిణ రెండుసార్లు పూర్తిచేశాను. అందుకే ఒంట్లో ఏ లోటూ లేదనుకున్నాను. మొన్న కార్తీకంలో అన్నవరంలో వ్రతానికి కూర్చుంటే పావుగంటకే కాళ్లు తిమ్మిరెక్కాయి, మోకాళ్లు గాల్లోకి లేచిపోయాయి, నడుం గూనిలా వంగిపోయింది. చివరికి ఇద్దరు రెక్కలు పట్టుకుని లేపారు. మా అమ్మకి 76, ఇప్పటికీ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచి తనంతట తనే లేస్తుంది. వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి, పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాలి. కుర్చీ వేయిద్దాం అంటోంది మా ఆవిడ, నాకు మనసొప్పడం లేదు. ఇంకొకటి, రెండు నెలలుగా ఎడమ చెయ్యి వెనక్కి వెళ్లడం లేదు, ప్యాంటుకి బెల్టు పెట్టుకోవడం కూడా కష్టంగా ఉంది. మోకాళ్లు కటకటమంటున్నాయి. గుజ్జు అరిగిందంటారా, లేక ఇదంతా వయసేనా? యోగా క్లాసులో చేరాలా?

సమాధానం: పెళ్లి సంగతి తర్వాత మాట్లాడుకుందాం అండీ, ముందు ఆ భుజం. ఉత్తరం చివర్న 'ఇంకొకటి' అని రాసిన ముక్కే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది. యాభై దాటిన వయసు, ఆరేళ్ల షుగరు, చెయ్యి వెనక్కి వెళ్లకపోవడం, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే నాలాంటి ఫిజియోథెరపిస్టుకి ముందుగా గుర్తొచ్చేది ఫ్రోజెన్ షోల్డర్. భుజం కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందంగా తయారై, కీలుని బిగించేస్తుంది. 40 నుంచి 60 ఏళ్ల మధ్యలో ఎక్కువగా వస్తుంది, షుగరు ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ. ఉత్తరం చదివి అదేనని తేల్చెయ్యను గానీ ఇంట్లోనే ఒకటి చూసుకోండి. మోచేతులు రెండూ నడుముకి ఆనించి, ముంజేతులు ముందుకి చాపి, తలుపు రెక్కలు తెరిచినట్టు బయటికి తెరవండి. కుడిచెయ్యి తెరుచుకున్నంత ఎడమచెయ్యి తెరుచుకోకపోతే, మీ ఆవిడ పట్టుకుని మెల్లగా కదిపినా అక్కడే ఆగిపోతే, ఈ వారంలోనే ఎముకల డాక్టరుకి చూపించుకోండి. తెలిసిన డాక్టరు లేకపోతే మన కింగ్ జార్జ్ ఆసుపత్రి, అదే కేజీహెచ్‌లో, ఎముకల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు మూడు నెలల సరాసరి షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు కూడా తీసుకెళ్లండి.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. నాకు 44వ ఏట ఇదే వచ్చింది, షుగరు లేకపోయినా వచ్చింది. జడ మా అమ్మాయి వేసేది. రాత్రిళ్లు ఆ వైపు తిరిగితే మెలకువ వచ్చేసేది. రోజూ పదిమంది భుజాలు చూసే దాన్ని, నా భుజాన్ని మాత్రం రేపు చూద్దాం, వచ్చే వారం చూద్దాం అంటూ నాలుగు నెలలు వదిలేశాను. చెయ్యి పూర్తిగా పైకి లేవడానికి ఏడాదిన్నర పట్టింది. ఈ జబ్బు చాలామందిలో మెల్లగా దానంతట అదే వదులుతుంది, నిజమే, కానీ ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టవచ్చు, కొందరికి కొంచెం బిగువు మిగిలిపోతుంది కూడా. మొదట్లోనే చూపించుకుంటే నొప్పి తగ్గించడానికి, ఉన్న కదలికని కాపాడుకోవడానికి దారులున్నాయి. ఎవరో మర్దనా చేసేవాళ్లు బాగా లాగితే వదిలిపోతుందని చెబితే మాత్రం ఆ చెయ్యి వాళ్లకి ఇవ్వకండి. వాపు ఉన్న దశలో మొండిగా లాగితే నొప్పి ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు పీటల సంగతికి వస్తాను.

నడక మానొద్దు, ముందే చెబుతున్నాను. షుగరుకి, గుండెకి, మనసుకి అది చేసే మేలు వేరే ఏదీ అంత తేలిగ్గా చెయ్యదు. కానీ నడిచేటప్పుడు మీ మోకాలు ఎంత వంగుతుందో తెలుసా? దాదాపు 60 డిగ్రీలు, అంతే. అదే కింద మఠం వేసుకుని కూర్చోవాలన్నా, గొంతుక్కూర్చోవాలన్నా సుమారు 130 డిగ్రీలు, ఆ పైన కూడా వంగాలి, దానితో పాటు తుంటి కీలు బయటికి తిరగాలి, చీలమండ ముందుకి వంగాలి. గిరి ప్రదక్షిణలో సింహాచలం కొండ కింద తొలిపావంచ, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు నడిచి మళ్లీ అక్కడికే చేరుకునేసరికి మీరు కొన్ని పదుల వేల అడుగులు వేసి ఉంటారు, కానీ వాటిలో ఒక్క అడుగులో కూడా మోకాలు ఆ రెండో సగంలోకి వెళ్లలేదు. కాళ్లకి ఓపిక వచ్చింది, గుండెకి బలం వచ్చింది. కీళ్లు మాత్రం ఆ చిన్న కొలతలోనే తిరిగి తిరిగి దానికే అలవాటు పడిపోయాయి. శరీరానికి ఒక లెక్క ఉంది, వాడని కదలికని అది మీకోసం దాచిపెట్టదు.

మీ రోజుని ఒకసారి మొదట్నుంచీ తలుచుకోండి. మంచం మీంచి లేస్తారు, అది కుర్చీ ఎత్తు. కమోడ్ కుర్చీ ఎత్తు. టిఫిన్ డైనింగ్ టేబుల్ దగ్గర. బండి మీద ఆఫీసుకి, అక్కడ ఏడెనిమిది గంటలు కుర్చీ, సాయంత్రం మళ్లీ సోఫా. తుంటి కీలు కుర్చీ ఎత్తు దాటి కిందికి దిగే పని పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక్కటైనా ఉందా? ఇప్పుడు మీ అమ్మగారి 76 ఏళ్లు తలుచుకోండి. వాకిట్లో ముగ్గు, కత్తిపీట ముందు కూరలు, చేటలో బియ్యం, నేల మీద భోజనం, పూజ, చిన్నప్పటి నుంచి ఇండియన్ బాత్రూమ్. ఆవిడ వ్యాయామం అన్న మాట ఎప్పుడూ అని ఉండరు, కానీ రోజుకి ఇరవై ముప్ఫైసార్లు నేల దాకా వెళ్లి పైకి వచ్చారు. మీరడిగిన 'ఇదంతా వయసేనా' అన్న ప్రశ్నకి సమాధానం మీ ఇంట్లోనే, మీకంటే 24 ఏళ్లు పెద్దదై చిక్కుళ్లు ఒలుస్తోంది. వయసు ప్రభావం లేదని కాదు, కండరాల చివర ఉండే పట్టీలు, కీలు పొరలు ఏళ్లు గడిచే కొద్దీ బిరుసెక్కుతాయి, కానీ మీ విషయంలో వయసు వాటా కంటే కుర్చీ వాటా పెద్దదని నా నమ్మకం.

షుగరుకీ ఇందులో వాటా ఉంది, ఇది చాలామందికి తెలియదు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కొలాజెన్ అనే మాంసకృత్తుకి అంటుకుపోయి దాన్ని గట్టిపరుస్తుంది. మన చర్మం, కీళ్ల పొరలు, కండరాలని ఎముకకి కట్టే పట్టీలు, అన్నిట్లో ఉండేది ఆ కొలాజెనే. అందుకే షుగరున్నవాళ్లని నేను మొదట నమస్కారం పెట్టమంటాను. మీరూ పెట్టి చూడండి, అరచేతులు, వేళ్లు మొదలు నుంచి కొస దాకా పూర్తిగా అంటుకుంటున్నాయా? మధ్యలో సందు మిగిలి వేళ్లు వంగినట్టే ఉండిపోతే చేతి కీళ్లు కూడా బిగుస్తున్నాయని అర్థం, ఆ మాట మీ షుగరు డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

గుజ్జు సంగతి. కటకట శబ్దం ఒక్కటే ఉండి, నొప్పీ వాపూ లేకపోతే కంగారు పడక్కర్లేదు, ఆ శబ్దం ఆరోగ్యంగా ఉన్న మోకాళ్లలో కూడా వస్తుంది. మనవాళ్లు గుజ్జు అనేది ఎముకల చివర ఉండే నున్నటి మృదులాస్థిని. దానికి రక్తనాళాలు ఉండవు. మరి తిండి ఎలా అందుతుంది? కీలులో ఉండే జిగురు ద్రవం నుంచి. బరువు పడినప్పుడు నొక్కుకుని, వదిలినప్పుడు ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది, గుడ్డ పిండి మళ్లీ నీళ్లలో ముంచినట్టు. అంటే గుజ్జుని కాపాడుకోవడానికి కాలు కదపకుండా కూర్చోవడమంత తప్పు పని ఇంకోటి లేదు. అలాగని రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చోమని చెప్పడం లేదు, అలా పనిచేసేవాళ్లకి మోకాళ్ల అరుగుదల వచ్చే అవకాశం పెరుగుతుంది. నేల దాకా తరచూ వెళ్లిరావాలి, అక్కడే ఉండిపోకూడదు. గుజ్జు పెరుగుతుందని అమ్మే పొడుల మీద డబ్బు పెట్టొద్దని నా సలహా, అది పెళ్లి ఖర్చులకి ఉంచుకోండి.

ఇంకో మాట చెప్పి పనిలోకి దిగుదాం. జనం 'ఒళ్లు వంగడం' అని ఒకే మాటలో అనేస్తారు గానీ అందులో రెండున్నాయి. వెల్లకిలా పడుకోండి, మీ ఆవిడని మీ కాలు మోకాలు వంచకుండా పైకి ఎత్తమనండి, ఎంత దూరం వచ్చిందో చూసుకోండి. ఇప్పుడు మీరే మీ సొంత బలంతో ఎత్తండి. రెండోది ఇంకా కిందే ఆగిపోతుంది. మొదటిది కండరం సాగే గుణం, ఫ్లెక్సిబిలిటీ అనేది అది. రెండోది మొబిలిటీ, అంటే ఆ సాగినంత మేరా మీ బలంతో మీరు కదలగలగడం. ఊరికే సాగదీసుకుంటే మొదటిదే వస్తుంది. అన్నవరంలో మీకు కూర్చోవడానికి మొదటిది తక్కువైంది, లేవడానికి రెండోది తక్కువైంది. అందుకే మీకు సాగదీయడమూ కావాలి, కాళ్లలో బలమూ కావాలి.

ఈ నేల మీంచి లేవడం ఎంత విలువైనదో బ్రెజిల్‌లో కొందరు వైద్యులు కొలిచి చూశారు. 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2,002 మందిని నేల మీద కూర్చుని లేవమని, చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు తగ్గించి, పదికి ఎన్ని వచ్చాయో రాసుకుని, తర్వాత ఏళ్లపాటు వాళ్ల ఆరోగ్యాన్ని గమనించారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి. మార్కులు తక్కువ వచ్చినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. 2024లో అదే బృందం 46 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్న 3 వేల మందికి పైగా మనుషుల్లో ఏడు కీళ్లు ఎంత వంగుతున్నాయో కొలిచి అలాంటి సంగతే చెప్పింది. దీన్నిబట్టి కాళ్లు సాగదీస్తే ఆయుష్షు పెరుగుతుందని నేను అనను, జబ్బుతో ఉన్నవాళ్లకి ఒళ్లు ముందే బిగిసి ఉండవచ్చు కదా. కానీ నేల దాకా వెళ్లి రాగలగడం అంటే బలం, నిలకడ, కీళ్ల కదలిక, బరువు అన్నీ ఒక దారిలో ఉన్నట్టే. మీరు మాత్రం మార్కుల కోసం ఇప్పుడే ఆ పరీక్ష చేసుకోకండి, పడతారు.

ఇక చెయ్యవలసింది. పెళ్లికి ఇంకా పది పన్నెండు వారాలుంటుంది, సరిపోతుంది. రోజుకి పదిహేను నిమిషాలు చాలు, వాకింగ్ నుంచి వచ్చాక ఒళ్లు వెచ్చగా ఉన్నప్పుడు చెయ్యండి. నడకకి ముందు నిలబడి కాళ్లు లాగి పట్టుకునేవాళ్లని బీచ్ రోడ్డులో చాలామందిని చూస్తుంటాను, దానికంటే మొదటి ఐదు నిమిషాలు మెల్లగా నడవడం నయం, ఎక్కువసేపు పట్టి ఉంచే సాగదీతలన్నీ తర్వాతే. నిద్ర లేచిన వెంటనే ముందుకి బాగా వంగి కాలివేళ్లు అందుకోవడం కూడా వద్దు, రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య చక్రాలు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, నడుం మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది.

అన్నిటికంటే ముందు చీలమండ. ఎవరూ పట్టించుకోరు దీన్ని. గోడకి ఎదురుగా నిలబడి, పాదం కొసకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ల దూరం ఉంచి, మడమ నేలకి ఆనించే ఉంచి మోకాలిని గోడకి తాకించండి. తాకకపోతే కొంచెం దగ్గరికి జరగండి, తేలిగ్గా తాకుతుంటే వెనక్కి జరగండి. ఒక్కో కాలికి పది పదిహేనుసార్లు. గొంతుక్కూర్చుంటే వెనక్కి పడిపోయేవాళ్లలో చాలామందికి అసలు లోపం ఇక్కడే ఉంటుంది.

తర్వాత తుంటి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, కుడి చీలమండని ఎడమ తొడ మీద పెట్టుకుని, ఎడమ తొడని రెండు చేతులతో ఛాతీ వైపు లాక్కోండి, కుడి పిరుదు లోపల లాగుతున్నట్టు తెలుస్తుంది. అలా 30 సెకన్లు, మెల్లగా ఊపిరి తీసుకుంటూ, ఒక్కో వైపు రెండుసార్లు. అలాగే పడుకుని ఒక పాదానికి తువ్వాలు తగిలించి, కాలు చాపి పైకి లాక్కుంటే తొడ వెనక లాగుతుంది, అదీ 30 సెకన్లు, ఇలా తువ్వాలు లాగేటప్పుడు ఎడమ భుజం నొప్పి పెడితే కుడిచేత్తోనే లాక్కోండి. అక్కడ లాగేది కండరం, మనవాళ్లు దాన్నే నరం అంటారు. నిజంగా నరం లాగితే చురుకుమంటూ, జివ్వుమంటూ వేళ్ల దాకా పాకుతుంది, అలా అనిపిస్తే కాలు కొంచెం కిందికి దించేయండి. మూడోది, మంచం పక్కన దిండు వేసుకుని ఒక మోకాలు దాని మీద ఆనించి, రెండో పాదం ముందు పెట్టి, పిరుదులు బిగించి మెల్లగా ముందుకి జరగండి, వెనక కాలి గజ్జల దగ్గర లాగాలి. రోజంతా కుర్చీలో మడతపడి ఉండే కండరం అదే, నడుం ముందుకి గుంజేసేదీ అదే.

ఇవన్నీ మొదటి రెండు మూడు వారాల్లోనే తేలికవుతాయి. అప్పటికి కండరం పొడుగైపోదు, ఆ లాగుడుని ప్రమాదంగా లెక్కవెయ్యడం మెదడు మానేస్తుంది, అంతే. అది చూసి అయిపోయిందనుకుని ఆపేస్తారు, నెలకల్లా మళ్లీ మొదటికి వస్తారు. ఆపకండి.

బలానికి రెండే. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి మళ్లీ మెల్లగా కూర్చోండి, పదిసార్లు, మధ్యలో ఆగి ఇంకో పది. తేలికయ్యే కొద్దీ తక్కువ ఎత్తు స్టూలుకి మారండి. బలం పెంచే ఇలాంటి కదలికల్ని కీలు వెళ్లగలిగినంత దూరం చేస్తే సాగే గుణం కూడా పెరుగుతుంది, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి, ఒక్క పనికి రెండు కూలీలు గిట్టినట్టు. రెండోది లేవడం. లేవడానికి ఒక వరస ఉంది, చిన్నప్పుడు అందరికీ తెలిసినదే, మరిచిపోయాం. కూర్చున్నవాళ్లు పక్కకి తిరిగి, చేతులు ఆనించి, మోకాళ్ల మీదకి రండి. ఒక పాదం ముందు పెట్టండి. అదే కాలి తొడ మీద చెయ్యి ఆనించి, ముందుకి వంగుతూ లేవండి. మొదట్లో మంచం కోడు పట్టుకోండి, ఎడమ భుజం మీద మాత్రం బరువు వెయ్యకండి. రోజుకి ఐదుసార్లు చేస్తే నెల తిరిగేసరికి పట్టుకోవలసిన అవసరం తగ్గుతుంది.

అసలు కూర్చోవడం ఎలాగంటే, పిరుదుల కింద ఎత్తు వేసుకోవాలి. మీకు మోకాళ్లు గాల్లోకి లేచాయన్నారు చూడండి, అది తుంటి తెరుచుకోకపోవడం వల్ల. తుంటి తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది, నడుం వెనక్కి వంగిపోతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. గట్టి దిండో, మూడు దుప్పట్లు మడతపెట్టో ఒక జానెడు ఎత్తు చేసుకుని దాని అంచు మీద మఠం వేసుకుని కూర్చోండి, మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగాలి. అప్పుడు నడుం దానంతట అదే నిలబడుతుంది. రాత్రి భోజనం రోజూ అలాగే చెయ్యండి, పది నిమిషాలతో మొదలుపెట్టి. పది పదిహేను రోజులకోసారి ఒక దుప్పటి మడత తీసేయండి. మోకాళ్లని చేతులతో కిందికి నొక్కొద్దు, ఎవరిచేతా నొక్కించుకోవద్దు. టీవీ చూస్తూ అరికాళ్లు రెండూ కలిపి సీతాకోకచిలుకలా కూర్చున్నా మంచిదే.

ఎంత లాగాలి అనేదానికి నేను అందరికీ చెప్పేది, లాగుతున్నట్టు ఉండాలి, మొహం చిట్లించేటంత వద్దు. కండరం మధ్యలో లాగితే పర్వాలేదు, కీలు లోపల గుచ్చినట్టుంటే ఆపెయ్యాలి. మర్నాడు పొద్దుటికి కూడా నొప్పి మిగిలి ఉంటే ముందురోజు ఎక్కువ చేశారని లెక్క, తగ్గించుకోండి, మానెయ్యక్కర్లేదు. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లు మరీ.

యోగా క్లాసు గురించి. చేరండి, మంచిదే, కానీ టీచరుకి షుగరు, భుజం, మోకాళ్ల సంగతులు మొదటిరోజే చెప్పండి, చెప్పినా వినకుండా వీపు మీద చెయ్యి వేసి నొక్కేవాళ్ల దగ్గర ఒక్కరోజు కూడా ఉండొద్దు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు దారి పొడవునా లక్షల మంది చాపలు పరిచిన ఊరు మనది, మీరూ వెళ్లే ఉంటారు. ఆ రోజు చేయించిన క్రమంలో ఆసనాలకంటే ముందు మెడ, భుజాలు, నడుం, మోకాళ్లు వదులు చేసే చాలన క్రియలు ఉంటాయి. జనం వాటిని తొందరగా కానిచ్చి పాదహస్తాసనం ఎప్పుడా అని చూస్తారు. మీకు ఇప్పుడు కావలసింది ఆ మొదటి భాగమే, ఆఫీసులో కూడా చేసుకోవచ్చు. ముప్పావుగంటకోసారి కుర్చీలోంచి లేవండి, లేచినప్పుడు చేతులు నడుం మీద పెట్టుకుని వెన్ను వెనక్కి విరవండి. ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి.

ఇంట్లో చేసుకునేవి కాకుండా డాక్టరు చూడవలసినవీ కొన్నుంటాయి. పొద్దున్నే కీళ్ల బిగువు పదిహేను ఇరవై నిమిషాల్లో వదిలితే సరే, అరగంట దాటి, గంట దాకా ఉంటూ, కీళ్లు వాచి వెచ్చగా ఉంటే అది కీళ్లవాతం కావచ్చు, సాగదీతతో పోయేది కాదు. కాళ్లలో బలం తగ్గిపోవడం, మొల దగ్గర స్పర్శ తెలియకపోవడం, మూత్రం మీద పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు వల్ల మీ అరికాళ్లకి స్పర్శ తగ్గి ఉంటే నేల మీద కూర్చున్నాక చీలమండల పక్కన ఒరుసుకుపోయిన చోట్లు ఉన్నాయేమో రోజూ చూసుకోండి.

పెళ్లిరోజు సంగతి మీ ఆవిడతో ఇప్పుడే మాట్లాడండి. కన్యాదానంలో మీరు కూర్చోవడమే కాదు, ముందుకి వంగి పళ్లెంలో అల్లుడుగారి కాళ్లు కడగాలి, అంటే తుంటి దగ్గర వంగాలి, నడుం దగ్గర కాదు. ఆఖరి నెలలో ఇంట్లో పీట వేసుకుని, ఎదురుగా పళ్లెం పెట్టుకుని, పట్టుపంచె కట్టుకుని మరీ అలవాటు చేసుకోండి, పంచె కట్టుకుంటే కాలు ముడుచుకోవడం వేరుగా ఉంటుంది. మీకోసం కొంచెం ఎత్తు పీట చేయించి, దాని మీద దుప్పటి మడత వేయించుకోండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు. పంతులుగారికి ముందురోజే చెప్పి ఉంచితే మధ్యలో కాళ్లు మార్చుకునే వీలు చూసుకుంటారు. లేచేటప్పుడు తొందరపడి ఎవరి చెయ్యీ పట్టుకుని గుంజుకోకుండా, తిమ్మిరి ఉంటే ముందు కాళ్లు చాపి, పాదాలు నాలుగుసార్లు ఆడించి, అప్పుడు ఆ వరసలో లేవండి. అప్పటికి కూడా మోకాళ్లు సహకరించకపోతే కుర్చీ వేయించుకోండి, దానివల్ల మీ అమ్మాయి పెళ్లికి ఏ లోటూ రాదు.

ఈలోగా భుజం చూపించుకుని డాక్టరు ఏమన్నారో రాయండి. రేపు సాయంత్రం అమ్మగారు చిక్కుళ్లు ముందేసుకున్నప్పుడు పక్కన దుప్పట్లు మడతపెట్టుకుని మీరూ కూర్చోండి.